ఈ.కోలిలో ఆ ‘ఈ’ ఎవరు?

ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ చేసిన సివిల్ వాళ్ళకి ఈ సీన్ గుర్తుండే ఉంటుంది. ర్యాక్‌లో వరసగా టెస్ట్ ట్యూబులు. ఒక్కోదాంట్లో ఊదారంగు ద్రవం, అందులో బోర్లించిన బుల్లి గాజు గొట్టం. చెరువు నీళ్ళు కొలిచి పోసి, ఇంక్యుబేటర్‌లో పెట్టి వెళ్ళిపోతాం. మర్నాడు వచ్చి చూస్తే కొన్ని ట్యూబులు పసుపు రంగుకి తిరిగి, బుల్లి గొట్టంలో గాలిబుడగ నిలబడి ఉంటుంది. బుడగ వచ్చిన ట్యూబులు లెక్కపెట్టి, టేబుల్‌లో ఎంపీఎన్ విలువ చూసి, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటే పని అయిపోయినట్టే.

నేనూ అలాగే చేశాను. వైవాలో మాత్రం దొరికిపోయాను. ఈ.కోలి పూర్తి పేరు అడిగితే ఎషెరీషియా కోలై అని గడగడా చెప్పాను. కోలై అంటే పెద్దపేగుకి సంబంధించినది అని కూడా చెప్పాను. మరి ఎషెరీషియా సంగతేంటని అడిగేసరికి నోరు పెగల్లేదు. ఏదో లాటిన్ మాట అనుకున్నానే గానీ, అది ఒక మనిషి పేరని అప్పటిదాకా నాకు తెలీదు.

ఆ మనిషి థియోడోర్ ఎషెరిష్. జర్మనీలో పుట్టిన పిల్లల డాక్టరు. ఇవాళ యూరప్‌లో, అమెరికాలో వేసవి వచ్చిందంటే సరస్సుల ఒడ్డున బోర్డులు మారుతుంటాయి. ఒక రోజు ఈతకి దిగొచ్చు అని ఉంటుంది, ఇంకో రోజు దిగొద్దు అని ఉంటుంది. ఆ మాట చెప్పేముందు అధికారులు చూసే అంకెల్లో ముఖ్యమైనది ఈయన పేరు మోస్తున్న సూక్ష్మజీవి లెక్క. తమాషా ఏంటంటే ఆయన సరస్సుల మీద పనిచేసిన మనిషి కాదు. ఆయన పరీక్షించింది చంటిబిడ్డల మలం. అక్కణ్ణించి ఆ పేరు ఈత సరస్సుల దాకా ఎలా వచ్చిందో చెప్పాలనే ఈ వ్యాసం.

అల్లరి పిల్లాడు, లెక్కల తండ్రి

ఎషెరిష్ 1857 నవంబర్ 29న బవేరియాలోని ఆన్స్‌బాఖ్ అనే పట్టణంలో పుట్టారు. తండ్రి ఫెర్డినాండ్ ప్రభుత్వ వైద్యాధికారి, వైద్య గణాంకాల మీద పనిచేసిన మనిషి. థియోడోర్‌కి అయిదేళ్ళప్పుడే తల్లి పోయింది. పదేళ్ళప్పుడు కుటుంబం వూర్ట్స్‌బర్గ్ చేరింది. పిల్లాడి అల్లరి శ్రుతి మించుతోందని పన్నెండో ఏట ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ఖ్‌లో జెస్యూట్ ఫాదర్లు నడిపే హాస్టల్ బడిలో వేశారు. మన దగ్గర ఇంట్లో ఆగట్లేదని రెసిడెన్షియల్‌లో పడేస్తారు చూడండి, అలాగన్నమాట.

తర్వాత మెడిసిన్. స్ట్రాస్‌బర్గ్, కీల్, బెర్లిన్, వూర్ట్స్‌బర్గ్ – ఇలా ఊళ్ళు మారుతూ చదివి 1881లో డాక్టరయ్యారు. వూర్ట్స్‌బర్గ్‌లోని పెద్దాసుపత్రిలో కార్ల్ గెర్హార్ట్ అనే ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంటుగా చేరారు. పిల్లల జబ్బుల మీద గెర్హార్ట్‌కి మంచి పేరుండేది. ఎషెరిష్ మనసు కూడా అటే మళ్ళింది.

ఆ కాలంలో పిల్లల వైద్యం ఎంచుకోవడం అంటే ఏంటో ఒక్క అంకె చూస్తే అర్థమవుతుంది. బవేరియాలో అప్పట్లో పుట్టిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు మొదటి పుట్టినరోజు చూడకుండానే చనిపోయేవారు. మొదటి కారణం విరేచనాలు. చాలా ఇళ్ళల్లో తల్లిపాలు మాన్పించి ఆవుపాలూ, పిండి జావా పట్టేవాళ్ళు. ఎండాకాలంలో ఆ పాలు విరిగి, సీసా శుభ్రంగా లేక, బిడ్డ రెండు మూడు రోజుల్లో వాడిపోయేది. ఏది చంపుతోందో ఎవరికీ తెలీదు. గాలి మంచిది కాదన్నవాళ్ళున్నారు, పళ్ళొచ్చే సమయం అన్నవాళ్ళున్నారు.

1884: కలకత్తా, నేపుల్స్, మ్యూనిక్

1884 సూక్ష్మజీవుల చరిత్రలో పెద్ద సంవత్సరం. ఆ ఏడాది మొదట్లో రాబర్ట్ కాఖ్ మన కలకత్తాలో ఉన్నారు. కలరా వచ్చిన ఒక పేట మధ్యలో చెరువు ఉంది. జనం అందులోనే స్నానాలు చేసేవాళ్ళు, అందులోనే బట్టలు ఉతికేవాళ్ళు, ఆ నీళ్ళే తాగేవాళ్ళు. ఆ చెరువు నీళ్ళల్లో కాఖ్‌కి కామా ఆకారంలో ఉన్న కలరా క్రిమి దొరికింది. స్నానాల చెరువులో ఏముందో సూక్ష్మదర్శినితో చూసి జబ్బుకి ముడిపెట్టిన తొలి సందర్భాల్లో అది ఒకటి. జరిగింది మన దేశంలో.

అదే ఏడాది కలరా ఇటలీలోని నేపుల్స్‌ని పట్టుకుంది. వేలమంది పోయారు. బవేరియా ప్రభుత్వం పరిశోధన కోసం పంపినవాళ్ళల్లో ఇరవయ్యారేళ్ళ ఎషెరిష్ ఒకరు. పారిస్, వియన్నాల్లో కొంతకాలం గడిపి అప్పుడే మ్యూనిక్ చేరిన కుర్ర డాక్టరు ఆయన. నేపుల్స్‌లో జబ్బుని దగ్గర్నించి చూశాక, పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల సంగతి తేల్చుకోవాలన్న పట్టుదలతో తిరిగొచ్చారు.

మ్యూనిక్‌లో విల్‌హెల్మ్ ఫ్రోబెనియస్ అనే ఆయన కాఖ్ దగ్గర పని నేర్చుకుని వచ్చారు. ఆయన దగ్గర ఎషెరిష్ కొత్త విద్య అంతా నేర్చుకున్నారు. జెలటిన్ మీద క్రిముల్ని విడివిడిగా పెంచడం, రంగులు వేసి చూడటం, ఒక్కో రకాన్ని శుద్ధంగా వేరుచేయడం. గట్టి పదార్థం మీద పెంచే పద్ధతి వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళు కూడా కాలేదు. గ్రామ్ రంగు పద్ధతి అయితే ఆ ఏడాదే అచ్చయింది. ఇవాళ కొత్త సాఫ్ట్‌వేర్ రాగానే నేర్చుకుని, సొంత ప్రాజెక్టు మీద ప్రయోగించే స్టూడెంట్‌ని ఊహించుకోండి.

ముందు మామూలు సంగతి తెలియాలి

అందరూ జబ్బు చేసినవాళ్ళల్లో క్రిమి కోసం వెతుకుతున్న కాలం అది. ఎషెరిష్ ఉలటాగా మొదలుపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పేగుల్లో ఏముంటుందో ముందు తెలియాలి కదా. మామూలుగా ఏముంటుందో తెలీకుండా, విరేచనాల బిడ్డలో కనబడినదాన్ని దోషి అని ఎలా అంటాం? మలంలో క్రిములు లెక్కలేనన్ని, వాటిని విడదీయడం వృథా ప్రయాస అనుకునేవాళ్ళు చాలామంది. ఆయన ఒక్కొక్కటీ విడదీస్తూ కూర్చున్నారు.

పుట్టిన వెంటనే బిడ్డకి అయ్యే నల్లటి మొదటి మలంలో క్రిములు కనిపించలేదు. కొన్ని గంటలు గడిచేసరికి ఒకటొకటిగా కనిపించాయి. అంటే అవి బయటినుంచి వస్తున్నాయి. పాలు పట్టడం మొదలయ్యాక రకాలు తగ్గి, ముఖ్యంగా రెండు నిలబడ్డాయి. అందులో ఒకటి పొట్టి కడ్డీలాగా ఉండి, వేగంగా పెరిగి, పాలని విరగ్గొట్టి, చక్కెరని పులియబెట్టి వాయువు పుట్టించేది. దానికి ఆయన పెట్టిన పేరు బాక్టీరియం కోలై కమ్యూనే. పెద్దపేగులో మామూలుగా ఉండే క్రిమి అని అర్థం. 1885 జూలైలో మ్యూనిక్‌లోని ఒక శాస్త్ర సంఘంలో ఈ ఫలితాలు చదివారు. మర్నాటి ఏడాది వాటిని పెంచి పుస్తకంగా అచ్చువేశారు. యూనివర్సిటీలో పాఠం చెప్పే అర్హత ఆ పుస్తకంతోనే వచ్చింది.

ఆ పేరులో కమ్యూనే అన్న మాట మర్చిపోకండి. ఆయన కనిపెట్టింది హంతకుణ్ణి కాదు, ఇంట్లో ఉండే మామూలు మనిషిని. దీంట్లో జబ్బు చేసే రకాలు కొన్ని ఉన్నాయని తర్వాత తేలింది. అసలు కథ మాత్రం ఆ మామూలుతనంలోనే ఉంది.

మామూలు క్రిమి సాక్షి అయింది

1892లో ఫ్రాంజ్ షార్డింగర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఈ మామూలుతనాన్ని ఉపయోగంలోకి తెచ్చే ఆలోచన చెప్పారు. ఈ క్రిమి పేగుల్లో ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి నీళ్ళల్లో అది కనబడితే ఆ నీళ్ళల్లో మలం కలిసిందన్నమాట. టైఫాయిడ్ క్రిమి కోసమో కలరా క్రిమి కోసమో వెతకక్కర్లేదు.

ఈ ఆలోచన ఎంత గట్టిదో ఒక్కసారి చూడండి. నీటి ద్వారా వచ్చే జబ్బులు బోలెడు. ప్రతిదానికీ వేరే క్రిమి, వేరే పరీక్ష. పైగా అవి నీళ్ళల్లో కొద్దిగా, అప్పుడప్పుడూ మాత్రమే ఉంటాయి. ఇవాళ దొరకలేదంటే లేవని కాదు. ఈ.కోలి అలా కాదు. మనుషులతో పాటు పశువులు, పక్షుల్లాంటి వెచ్చటి నెత్తురున్న జీవుల పేగుల్లో కోట్లల్లో ఉంటుంది, తేలిగ్గా పెరుగుతుంది, తేలిగ్గా లెక్కపెట్టొచ్చు. చల్లటి నీళ్ళల్లో పడితే సాధారణంగా కొన్నాళ్ళకి నశిస్తుంది కాబట్టి, కనబడిందంటే కలుషితం ఈమధ్యే జరిగిందని అనుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే ప్రాక్సీ వేరియబుల్. దొంగ దొరక్కపోయినా, ఇంటి తలుపు తెరిచి ఉందని చెప్పే సాక్షి.

ఆ తర్వాత పరికరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ 1890లలోనే చక్కెర పులిసే గొట్టాలతో నది నీళ్ళల్లో ఈ క్రిమిని లెక్కపెట్టారు. డర్హామ్ 1898లో బోర్లించిన బుల్లి గొట్టం పెట్టారు. మాకాంకీ 1905లో పైత్య లవణాలు కలిపిన మాధ్యమం తెచ్చారు. మన ల్యాబ్‌లో ఊదారంగు ద్రవం పేరు మాకాంకీ బ్రాత్, అందులోని గొట్టం పేరు డర్హామ్ ట్యూబ్. ఒక్క ట్యూబులో ముగ్గురు మనుషుల పేర్లున్నాయి. మనం ఒక్కరి గురించి కూడా అడగలేదు.

గ్రాజ్, వియన్నా

నీళ్ళ పరీక్ష సంగతి వేరేవాళ్ళ చేతుల్లో పెరుగుతుంటే ఎషెరిష్ పిల్లల దగ్గరే ఉండిపోయారు. 1890లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ప్రొఫెసరుగా వెళ్ళారు. అక్కడి భౌతికశాస్త్ర ప్రొఫెసర్ లియోపోల్డ్ ఫౌండ్లర్ కూతురు మార్గరెట్‌ని 1892లో పెళ్ళి చేసుకున్నారు. ఒక కొడుకు, ఒక కూతురు. పిల్లల్లో మూత్రాశయానికి వచ్చే వాపుకి తన కోలై క్రిమే కారణం కాగలదని 1894లో చూపించారు. పేగులో ఉన్నంతసేపు మామూలుగా ఉండేది, ఉండకూడని చోట చేరితే జబ్బు చేస్తుంది. తను మామూలు అని పేరు పెట్టినదాన్నే మళ్ళీ అనుమానించి చూడటం చిన్న విషయం కాదు.

1902లో వియన్నా పిలిచింది. ఆనాటి జర్మన్ మాట్లాడే ప్రపంచంలో పిల్లల వైద్యానికి అంతకంటే పెద్ద కుర్చీ లేదు. సెయింట్ ఆన్నా పిల్లల ఆసుపత్రి ఆయన చేతికొచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన కుర్రవాళ్ళల్లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఒకరు. ఎలర్జీ అనే మాట పుట్టించింది ఈయనే.

సరిగ్గా అంతా కుదురుకుందనుకునే రోజుల్లో ఇంట్లో దెబ్బ తగిలింది. కొడుకు లియోపోల్డ్ పదేళ్ళ వయసులో అపెండిసైటిస్‌తో చనిపోయాడు. పేగుల గురించి ప్రపంచానికి చెప్పిన డాక్టరు, పేగుకి వచ్చిన జబ్బు నుంచి సొంత బిడ్డని కాపాడుకోలేకపోయారు. దీని మీద నేనేం రాసినా ఎక్కువే అవుతుంది.

వియన్నాలో ఆయన చేసిన పెద్ద పని ల్యాబ్‌లో కాదు, ఊళ్ళో. 1903లో పసిబిడ్డల రక్షణ కోసం ఒక సంఘం పెట్టారు. తల్లిపాలే ఇవ్వమని తల్లులకి చెప్పడం, ఇవ్వలేనివాళ్ళకి శుభ్రమైన పాలు అందేలా చూడటం, బిడ్డల్ని తీసుకొస్తే సలహా ఇవ్వడం దాని పని. కొత్త పిల్లల ఆసుపత్రి కట్టాలని ఏళ్ళ తరబడి ప్లాన్ల మీద కూర్చున్నారు. అది తెరిచేలోగా, 1911 ఫిబ్రవరి 15న పక్షవాతంతో పోయారు. వయసు 53. ఆయన కుర్చీలో పిర్కే కూర్చున్నారు.

ఆయన బతికుండగా ఆ క్రిమికి ఆయన పేరు లేదు. కాస్టెలానీ, చామర్స్ అనే ఇద్దరు 1919లో ఎషెరీషియా అని పెట్టారు. అది అధికారికంగా స్థిరపడటానికి 1958 దాకా పట్టింది.

సరస్సు ఒడ్డుకి

ఈతకి నీళ్ళు మంచివా కావా అనేది తాగేనీళ్ళ ప్రశ్న కంటే చిక్కు. తాగేనీళ్ళల్లో ఈ.కోలి అసలు ఉండకూడదు, అంతే. సరస్సులో పక్షులుంటాయి, పశువులుంటాయి, వానకి కొట్టుకొచ్చే మురుగు ఉంటుంది. సున్నా అనడం కుదరదు. మరి ఎంతవరకు ఫర్వాలేదు?

దీనికి జవాబు కోసం అమెరికా పర్యావరణ సంస్థ 1970ల చివర్నుంచి రెండు సరస్సుల దగ్గర మనుషుల్నే అడిగింది. ఒకటి పెన్సిల్వేనియా వైపున్న ఈరీ సరస్సు, రెండోది ఓక్లహామాలోని కీస్టోన్ సరస్సు. ఈతకి దిగినవాళ్ళనీ దిగనివాళ్ళనీ కొన్ని రోజులాగి పలకరించి, కడుపు జబ్బు చేసిందా అని కనుక్కున్నారు. అదే రోజు నీళ్ళల్లో ఏ క్రిమి ఎంతుందో కొలిచారు. అప్పటిదాకా అందరూ నమ్ముకున్న మల కోలిఫారాల మొత్తం లెక్కకీ జబ్బులకీ పొంతన కుదర్లేదు. ఈ.కోలి లెక్కకి బాగా కుదిరింది. అలా 1986లో మంచినీటి సరస్సులకి 100 మి.లీ.కి సగటున 126 అనే అంకె వచ్చింది. అంత ఉన్న నీళ్ళల్లో దిగితే వెయ్యిమందికి ఎనిమిది మంది జబ్బు పడొచ్చని లెక్క. అంటే ప్రమాణం అనేది ప్రమాదం లేదని చెప్పే గీత కాదు, ఇంతవరకు ఒప్పుకుంటాం అని సమాజం గీసుకున్న గీత.

యూరప్ 2006లో తన నియమాలు రాసుకుంది. ఈత సీజన్‌కి కాస్త ముందు ఒక నమూనా, సీజన్ మొత్తం మీద కనీసం నాలుగు, రెండింటి మధ్య నెల దాటకూడదు. మీటరు లోతున్న చోట, పైనుంచి 30 సెంటీమీటర్ల కింద నీళ్ళు తీయాలి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానాల నీటికి పెట్టిన కొలత మల కోలిఫారాల్లో ఉంది. 100 మి.లీ.కి 500 లోపుంటే మంచిది, 2500 దాటకూడదు.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. నమూనా తీసి, ఐస్ పెట్టెలో పెట్టి, వడపోత కాగితం మీద పట్టి, 44.5 డిగ్రీల దగ్గర పెంచి లెక్కపెట్టేసరికి మర్నాడవుతుంది. అంటే ఇవాళ బోర్డు మీదున్నది నిన్నటి నీళ్ళ సంగతి. ఈలోగా రాత్రి వాన పడితే అంకె తలకిందులవుతుంది. ఎండకి ఈ.కోలి చస్తుంది కాబట్టి పొద్దున్న తీసిన నమూనాకీ మధ్యాహ్నం తీసినదానికీ తేడా వస్తుంది. అందుకే చికాగోలో మిషిగన్ సరస్సు బీచ్‌లకి 2017 నుంచి జన్యుపదార్థం కొలిచే వేగమైన పరీక్ష వాడుతున్నారు. ఫలితం అదే రోజు కొన్ని గంటల్లో వస్తుంది. అక్కడ కొలిచేది ఈ.కోలిని కాదు, దాని పక్కింటి ఎంటరోకాకస్‌ని. ఇంకో చిక్కు మనలాంటి వేడి దేశాలది. వెచ్చటి నేలల్లో, ఇసుకలో ఈ.కోలి తనంతట తాను బతికేయగలదు. అప్పుడు సాక్షి మాటని కొంచెం జాగ్రత్తగా వినాలి. నీలి ఆకుపచ్చ నాచు విషం సంగతైతే ఈ సాక్షికి అసలు తెలీదు. దానికి వేరే పరీక్ష కావాలి.

అమెరికాలోని మహా సరస్సుల బీచ్‌ల దగ్గర చేసిన మరో అధ్యయనం 2008లో అచ్చయింది. కలుషితమైన నీళ్ళల్లో ఈతకి దిగినవాళ్ళల్లో పదేళ్ళ లోపు పిల్లలకే ఎక్కువ జబ్బు చేసే అవకాశం ఉందని అందులో తేలింది. పిల్లలు ఎక్కువసేపు నీళ్ళల్లో ఉంటారు, తల ముంచుతారు, నీళ్ళు మింగుతారు కదా. బవేరియాలో పసిబిడ్డలు ఎందుకు పోతున్నారో తెలుసుకోవాలని కూర్చున్న మనిషి పేరు, వందేళ్ళ తర్వాత మళ్ళీ పిల్లల్ని కాపాడే పనిలోనే ఉంది.

ఇక మన ల్యాబ్ విషయం. ఎంపీఎన్ విలువ ముందే తెలుసు కాబట్టి సీనియర్ రికార్డు చూసి వేసేయడం మనలో చాలామందికి అలవాటే. నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను. ఆ వైవా తర్వాత మాత్రం ఒక్కటి మానేశాను. ట్యూబులు లెక్కపెట్టకుండా అంకె రాయడం మానేశాను. రేపు మనలో ఎవరో ఒకరు నిజంగా ఒక చెరువుకి అంకె రాయాల్సిన ఉద్యోగంలో ఉంటాం. ఆ అంకె చూసుకుని ఎవరి పిల్లలో నీళ్ళల్లోకి దూకుతారు.